గోడ మారితే మరచిపోయే కరాటే!

"డాక్టరుగారూ! మావాడికి మంగళవారం, శనివారం మాత్రమే కడుపునొప్పి వస్తోందండీ. మిగతా రోజుల్లో గుండ్రాయిలా వుంటాడు" అంటూ ఒక తల్లి పదకొండేళ్ళ కొడుకును వెంటబెట్టుకు వచ్చింది.

వారం, వర్జ్యం చూసుకుని వచ్చే కడుపునొప్పులు వైద్యులకు కొత్త కాదు. సోమవారం ఉదయం వచ్చే నొప్పికి బడి కారణం. ఆదివారం వచ్చేదానికి శనివారం రాత్రి తిన్న మిరపకాయ బజ్జీలు కారణం. ఈ అబ్బాయి పొట్ట మెత్తగా వుంది. ఆకలి బాగుంది, విరేచనం సాఫీగా అవుతోంది, బరువు తగ్గలేదు. నులిపురుగుల మాత్ర బడిలోనే వేశారట. "మంగళవారం, శనివారం సాయంత్రాలు ఏం చేస్తావు నాన్నా?" అని అడిగాను. వాడు తల దించుకున్నాడు. తల్లే జవాబు చెప్పింది. "కరాటే క్లాసండీ."

సంగతి ఏమిటంటే, ఏడాదిన్నరగా వీధి చివరి కల్యాణ మండపంలో జరిగే క్లాసుకు వెళుతున్నాడు. అక్కడా బాగానే చేస్తాడు, ఇంట్లో చుట్టాల ముందూ బాగానే చేస్తాడు. కిందటి నెల బెల్టు పరీక్షకని జిల్లా కేంద్రానికి తీసుకువెళ్ళారు. పెద్ద హాలు, బోలెడుమంది పిల్లలు, బల్ల వెనుక ముగ్గురు పరీక్షకులు. వాడు మొదలుపెట్టాడు, తిరిగాడు, అరిచాడు. నాలుగో మలుపు దగ్గర బొమ్మలా నిలబడిపోయాడు. ఇంటికి వచ్చాక తండ్రి ఫీజు లెక్కలన్నీ వల్లించి నాలుగు చీవాట్లు పెట్టాడు. కడుపునొప్పి ఆ తరువాత వారం నుంచే.

ఆ రోజు నా గదిలో రద్దీ లేదు. "ఏదీ, చేసి చూపించు" అన్నాను, మందుల బీరువా వైపు నిలబెట్టి. నాలుగో మలుపు దగ్గర మళ్ళీ ఆగిపోయాడు. "మండపంలో ఎటు తిరిగి మొదలుపెడతారు?" అని అడిగాను. "స్టేజీ వైపు సార్. తరువాత కిటికీలు. తరువాత వంటశాల తలుపు. మళ్ళీ స్టేజీ. అరిచాక వంటశాల తలుపు వైపు తిరగాలి." నాకు అర్థమైంది. వాడు నేర్చుకున్నదానిలో సగం కరాటే, సగం కల్యాణ మండపం!

కరాటేలో వరుసగా, విడవకుండా చేసే ఈ కదలికల కూర్పును 'కటా' అంటారు. పౌరాణిక నాటకంలో 'కటకటా' అన్నట్టు వినిపించినా ఇది జపాను మాట. నమూనా, అచ్చు అని అర్థం. ఎదుట ఎవరూ లేకపోయినా నాలుగు దిక్కుల నుంచీ ఎవరో మీదికి వస్తున్నట్టు ఊహించుకుని అడ్డుకోవడం, గుద్దడం, తిరగడం. మన ఊళ్ళలో ఎక్కువమంది పిల్లలు మొదట నేర్చేది షోటోకాన్ పద్ధతిలోని 'హెయాన్ షోదాన్'. అందులో 21 కదలికలున్నాయి. నేల మీద దాని బాట గీస్తే రెండు అడ్డగీతలు, వాటిని కలుపుతూ ఒక నిలువుగీత వస్తాయి. చేసేవాడు బయలుదేరిన చోటికే తిరిగి చేరాలి. అంతా కలిపి ఒక నిమిషం కూడా పట్టదు. మా అబ్బాయి ఆగిన నాలుగో మలుపు ఇందులో గడ్డు మలుపు. మొదటి అరుపు తరువాత వెనుకగా ముప్పాతిక చుట్టు తిరగాలి.

ఈ కటాలు బడిపిల్లల కోసమే తయారయ్యాయన్న సంగతి చాలామందికి తెలియదు. కరాటే పుట్టిల్లు ఒకినావా ద్వీపం. గురువు ఒకరిద్దరు శిష్యులకు రహస్యంగా నేర్పే ఈ విద్యను అంకో ఇతోసు అనే పెద్దాయన 1901 ప్రాంతంలో అక్కడి బడిలో ప్రవేశపెట్టాడు. ఒకేసారి ఎందరో పిల్లలకు అంకెలు లెక్కపెడుతూ నేర్పడానికి వీలుగా 'పినాన్' అనే అయిదు చిన్న కటాలు కూర్చాడు. ఆ మాటకు శాంతి, క్షేమం అని అర్థం. 1908లో ఆయన అధికారులకు రాసిన లేఖలో ఈ విద్య వల్ల శరీరారోగ్యం కలుగుతుందన్నది కూడా ఒక వాదం. ఆయన శిష్యుడు గిచిన్ ఫునకోషీ 1922లో దానిని టోక్యోకు తెచ్చాడు, తరువాత ఆ కటాలకు 'హెయాన్' అని పేరు మార్చాడు. (మన దేశంలో కరాటే మోజు 1973 నాటి 'ఎంటర్ ది డ్రాగన్' సినిమాతో రేగింది. అందులోని బ్రూస్ లీ నేర్చింది కరాటే కాదు, చైనా కుంగ్‌ఫూ! మోజుకు అలాంటి పట్టింపులుండవు.)

గుంపుగా నేర్పడంలో లాభముంది, ఒక చిక్కూ వుంది. పిల్లవాడు పక్కవాడిని చూసి తిరుగుతాడు, మాస్టరు లెక్కను బట్టి కదులుతాడు, గోడను చూసి దిక్కు తెలుసుకుంటాడు. పక్కవాడూ, లెక్కా, గోడా మూడూ ఒక్కసారిగా పోతే వాడి దగ్గర ఏం మిగులుతుంది? ఎక్కాలు వల్లించే పిల్లవాడిని హఠాత్తుగా "ఏడెనిమిదులెంత?" అని అడిగి చూడండి. పెదవులు కదుపుతూ ఏడొకట్ల ఏడు దగ్గరనుంచి పరుగెత్తుకు వస్తాడు. ఎక్కం రాలేదని కాదు. ఒకే తలుపునుంచి లోపలికి వెళ్ళడం అలవాటైంది, అంతే.

మన పెద్దలకు ఈ మర్మం తెలుసు. వేదం చెప్పుకునేవారు ఉన్నది ఉన్నట్టు వల్లించి ఊరుకోరు. జటాపాఠంలో ఒకటి-రెండు, రెండు-ఒకటి, ఒకటి-రెండు అంటూ పదాలను ముందుకూ వెనక్కూ అల్లుతారు. ఘన మరింత కష్టం. అందుకే ఘనాపాఠి అంటే అంత గౌరవం. సంగీతం టీచరు సరళీ వరుసలను మూడు కాలాల్లో పాడిస్తుంది. కూచిపూడి పిల్లలు అడవులను మూడు కాలాల్లో వేస్తారు. కరాటే దగ్గరికి వచ్చేసరికి మాత్రం "అదే మళ్ళీ, అదే మళ్ళీ" అని ఊరుకుంటున్నాం.

శాస్త్రజ్ఞులు దీనిని పరీక్షించి చూశారు. 1978లో కెర్, బూత్ అనే పరిశోధకులు ఎనిమిదేళ్ళ పిల్లల్లో కొందరిచేత మూడడుగుల దూరంలోని గురికి చిన్న సంచులు విసిరించారు. మరికొందరిచేత రెండడుగులు, నాలుగడుగుల దూరాలకు మాత్రమే విసిరించారు. చివర అందరికీ మూడడుగుల పరీక్ష పెడితే, ఆ దూరంనుంచి ఎన్నడూ విసరని పిల్లలే మెరుగ్గా విసిరారు! మరుసటి ఏడు షే, మోర్గాన్ అనేవారు చేతి కదలికల మీద ఇంకొక పరీక్ష చేశారు. ఒకటి పూర్తిగా వచ్చాక మరొకటి నేర్చినవారు నేర్చుకునే సమయంలో చురుకుగా కనిపించారు. కలగాపులగంగా నేర్చినవారు తడబడ్డారు. పది రోజుల తరువాత చూస్తే తడబడినవారికే బాగా గుర్తుంది. ఇవి కరాటే మీద చేసిన పరీక్షలు కావు. ప్రయోగశాల వెలుపల, అందులోనూ కొత్తగా నేర్చేవారిలో, ఇంత తేడా అన్నిసార్లూ కనపడదని తరువాతి పరిశోధనలు చెబుతున్నాయి. అయినా అందులో తల్లిదండ్రులు గ్రహించవలసిన ముక్క ఒకటుంది. అభ్యాసంలో తప్పులు కనబడినంత మాత్రాన చదువు వెనక్కి పోతున్నట్టు కాదు.

ఇక ఆ అబ్బాయి సంగతికి వస్తాను. ముందు వాడి మణికట్టు పట్టుకుని "విడిపించుకో" అన్నాను. తెల్లబోయాడు. "మీ కటాలో నాలుగో కదలిక ఏమిటి?" అన్నాను. ముందుకాలు వెనక్కి లాగి, చేతిని గుండ్రంగా తిప్పి, పిడికిలితో సుత్తిలా కొట్టడం. అలాగే చేశాడు, నా పట్టు వదిలిపోయింది. వాడి ముఖం విప్పారింది. ఏడాదిన్నరగా ఆ చేయి ఎందుకు తిప్పుతున్నాడో వాడికి ఎవరూ చెప్పలేదట. కదలికల అర్థం విడమరచి చెప్పడాన్ని 'బుంకాయ్' అంటారు. అర్థం తెలిసిన కదలికను పిల్లలు అంత తేలికగా మరచిపోరు. ఇంట్లో అక్కో, అమ్మో నెమ్మదిగా చేయి పట్టుకుంటే చాలు. గుద్దులు, తన్నులు మాత్రం గాలిలోకే. తమ్ముడి మీద ప్రయోగాలు వద్దు.

తరువాత ఒక పద్ధతి చెప్పి పంపాను. మీ ఇళ్ళలోనూ పనికివస్తుంది. ముందుగా ఒక హెచ్చరిక: కటా వరుస ఇంకా పట్టుబడని పిల్లవాడికి ఇవేవీ వద్దు. పాఠం రానివాడికి ఘన ఎందుకు? ఆగకుండా పదిసార్లలో ఎనిమిదిసార్లు చేయగలిగినప్పుడు మొదలుపెట్టండి.

మొదటిది దిక్కు మార్చడం. ఈరోజు తూర్పు, రేపు ఉత్తరం, ఎల్లుండి గదిలో మూలకు ఏటవాలుగా. డాబా మీద, పెరట్లో, మేనమామగారి ఇంట్లో. గోడలు మారేకొద్దీ పిల్లవాడు గోడను వదిలి తన కుడిఎడమలను నమ్ముకోవడం మొదలుపెడతాడు. ఒక వారం ఇది ఒక్కటే చేయించినా చాలు. మూడో రోజున తప్పులు ఎక్కువవుతాయి. అప్పుడు "ఉన్నది కూడా పాడయింది" అని మాస్టరు మీదికి వెళ్ళకండి.

రెండోది ముక్కలు చేయడం. కటాను మొదటినుంచి చివరివరకు పదిసార్లు చేస్తే మొదటి భాగం బాగా వస్తుంది, చివరి భాగం అలసటలో పోతుంది. కాబట్టి ఒకరోజు మొదటి అరుపు దగ్గరనుంచి ప్రారంభించమనండి. ఒకరోజు చివరి నాలుగు కదలికలు మాత్రమే. మలుపులు మాత్రమే ఒకరోజు, చేతులు నడుముకు ఆనించి కాళ్ళు మాత్రమే ఒకరోజు. చోటు లేని ఇళ్ళలో రెండు చాపల మేర చాలు. అడుగు ముందుకు వేసే చోట వేసి వెనక్కి తీసుకోవచ్చు. వానాకాలం సాకులకు ఇది మంచి మందు.

మూడోది కుడిఎడమలు తారుమారు చేయడం. ఇది కష్టం, అయినా వైద్యుడిగా నాకు ఇష్టమైనది ఇదే. హెయాన్ షోదాన్ నడుమ గీత మీద ముందుకు వెళుతూ మూడు అడ్డులు, తిరిగి వస్తూ మూడు గుద్దులు వున్నాయి. రెండు చోట్లా కుడిచేతికి రెండు, ఎడమచేతికి ఒకటి. ఏళ్ళ తరబడి ఇలాగే చేస్తే ఒకవైపు అలవాటు ఎక్కువ, ఒకవైపు తక్కువ. అద్దంలో బొమ్మలా తిప్పి చేస్తే రెండో వైపుకూ న్యాయం జరుగుతుంది. పట్టుదలగల మాస్టర్లు వెనక్కి అడుగులు వేస్తూ కూడా చేయిస్తారు. ఇక్కడ ఒక ఇబ్బంది ఈమధ్యే చూస్తున్నాను. ఫోనులో వీడియో పెట్టుకుని నేర్చే పిల్లలు, ఎదురుగా నిలబడిన మాస్టరును చూసి, తెలియకుండానే అంతా తారుమారుగా నేర్చేస్తున్నారు! వీడియో తీసేటప్పుడు మాస్టరు వెనుకనుంచి తీయండి.

నాలుగోది కాలం మార్చడం. ఒకసారి తేనె కారినంత నెమ్మదిగా, ఒకసారి మామూలుగా, ఒకసారి బలం లేకుండా వేగంగా. నెమ్మదిగా చేసినప్పుడే ఎవరి కాలు వణుకుతోందో, ఎవరి మోకాలు లోపలికి ఒరుగుతోందో తెలుస్తుంది. కళ్ళు మూసుకుని చేయించడం పిల్లలకు సరదా. కంటి సాయం లేనప్పుడు చెవి లోపలి సమతౌల్య అవయవమూ, కీళ్ళనుంచి వచ్చే వార్తలూ మెదడును నడిపించాలి. ఇది మైదానంలోనో, ఖాళీ హాలులోనో, పక్కన పెద్దవారుండగా చేయవలసినది. డాబా మీద ఎంతమాత్రం కాదు.

రెండో కటా వచ్చిన పిల్లలకు రెండింటినీ కలిపి అడగండి. ఇది ఒకసారి, అది ఒకసారి. బెల్టు పరీక్షకు నాలుగైదు రోజుల ముందు మాత్రం ఈ చిత్రవిచిత్రాలన్నీ ఆపి అసలు పద్ధతిలో చేయించండి. అలాగని తొందరపడకండి. టెక్కీ అనే మూడు కటాల మీద తాను పదేళ్ళు గడిపానని ఫునకోషీ రాసుకున్నాడు. మనవాళ్ళు ఆరునెలలకు రంగు మారకపోతే క్లాసు మారుస్తున్నారు!

క్లాసులు నడిపే మాస్టర్లతో ఒక్క మాట. ఒక్కొక్క సారికి ఒక్క తప్పే చెప్పండి. "నడుము, మోకాలు, చూపు, పిడికిలి" అని నాలుగు ఒకేసారి అరిస్తే పిల్లవాడు అయిదోది కూడా మరచిపోతాడు. సగంమంది చేస్తుంటే సగంమందిని చూడమనండి, తరువాత ఏం గమనించారో అడగండి. క్లాసు ముఖం ఏ గోడకు అన్నది వారానికోసారి మార్చండి. ఖర్చు లేని పని.

మోకాళ్ళ విషయం కొంచెం వివరంగా చెప్పాలి. పిల్లలలో నేను చూసే నొప్పుల్లో ఎక్కువ మలుపు దగ్గర వచ్చేవే. పాదం నేలకు అతుక్కుని, పైశరీరం తిరిగితే ఆ మెలిక అంతా మోకాలి మీద పడుతుంది. సిమెంటు నేల మీద, చెమట పట్టిన అరికాలితో ఇది మరీ ఎక్కువ. బరువు తేలిక చేసి, పాదమూ మోకాలూ కలిసి తిరగాలి. వంగి నిలబడినప్పుడు మోకాలిచిప్ప కాలివేళ్ళ వైపే చూడాలి. గాలిలోకి గుద్దేటప్పుడు మోచేతిని చివరివరకు ఠక్కున విసరకూడదు.

పది, పదిహేనేళ్ళ మధ్య ఎత్తు పెరిగే పిల్లలకు మోకాలిచిప్ప కింద ఎముక బుడిపెలా లేచి, ముట్టుకుంటే నొప్పి పెట్టడం మామూలే. అది ఎదుగుదలతో తగ్గుతుంది. గెంతులు, లోతుగా వంగి నిలబడడం కొన్నాళ్ళు తగ్గిస్తే చాలు. అయితే కుంటుతున్నా, మోకాలు వాచినా, పట్టేసినా, నొప్పికి రాత్రి నిద్ర లేచినా ఆలస్యం చేయవద్దు. తుంటికీలు జబ్బు పిల్లల్లో మోకాలినొప్పిగా కనబడుతుంది. మోకాలికి ఫోటో తీసి బాగుందని పంపేసిన పిల్లవాడికి తుంటిలో జబ్బు బయటపడిన సందర్భాలున్నాయి. కుంటే పిల్లవాడిని చూసే డాక్టరును తుంటి కూడా చూడమని మీరే అడగండి, తప్పు లేదు.

క్లాసుకు గంటన్నర ముందు రెండు ఇడ్లీలో, అరటిపండో చాలు. మే నెలలో డాబా మీద అభ్యాసం ఉదయం ఎనిమిది లోపల ముగియాలి. నీళ్ళు అడిగిన పిల్లవాడిని "ఓర్పు నేర్చుకో" అని ఆపే మాస్టరు వుంటే, ఆ ఓర్పు పాఠం వేరే చోట నేర్పుకోమనండి.

పెద్దవాళ్ళు నేర్చుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. నిక్షేపంగా! 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో ఆడవారి కటా స్వర్ణం గెలిచిన స్పెయిన్ దేశస్థురాలు సాండ్రా సాంచెజ్‌కు అప్పుడు 39 ఏళ్ళు. (మగవారిలో గెలిచిన ర్యో కియూనా ఒకినావావాడే. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో కరాటే లేదు.) రక్తపోటు, గుండెజబ్బు, వరిబీజం, గ్లకోమా వున్నవారు మాత్రం ఊపిరి బిగబట్టి కండరాలు బిగించే పనులు చేయకూడదు. 'సాన్‌చిన్' అనే కటాను ఒళ్ళంతా బిగించి చేస్తారు. అలాంటివి మీకు వద్దు. ప్రతి గుద్దుకూ ఊపిరి వదలండి. ఆ అరుపు పెట్టింది కూడా అందుకే.

ఆ అబ్బాయి ఇంట్లో 68 ఏళ్ళ బామ్మగారున్నారు. నిరుడు స్నానాల గదిలో జారి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. ఎముక అతికింది గాని భయం అతుక్కునే వుంది. గడప దాటాలంటే గోడ పట్టుకుంటారు. వంద పైచిలుకు పరిశోధనలను కూడదీసి 2019లో ఇచ్చిన లెక్క ప్రకారం, వ్యాయామం వల్ల వృద్ధులు పడిపోవడం సుమారు 23 శాతం తగ్గుతుంది. అందులోనూ నిలకడను పెంచే వ్యాయామాలు మంచివి. అందుకని ఆ అబ్బాయికి ఒక బాధ్యత అప్పగించాను. రోజూ పది నిమిషాలు బామ్మకు కటా నేర్పాలి. కుర్చీలో కూర్చుని చేతులు మాత్రం ఒక వారం. తరువాత భోజనాల బల్ల పట్టుకుని నిలబడి, బరువు ఒక కాలినుంచి మరొక కాలికి మార్చడం. ఆ తరువాత ఒక అడుగు. మలుపు వచ్చినచోట గిర్రున తిరగకుండా చిన్నచిన్న అడుగులతో తిరగాలి. కళ్ళు మూసుకోవడం నిషేధం. చక్రాల కుర్చీలు, తడి నేల, జారే చాప నిషేధం. లేవగానే తల తిరిగేవారు ముందు డాక్టరుకు చూపించుకోవాలి.

నెల తరువాత తల్లి వచ్చింది. కడుపునొప్పి ఒక్కసారే వచ్చిందట, అదీ పెళ్ళి భోజనం తరువాత. బామ్మగారు బల్ల వదిలి నాలుగడుగులు వేస్తున్నారు. ఆవిడకు కుడి ఎడమ తికమక, వాడికి కోపం. "మావాడు వాళ్ళ మాస్టరు లాగే అరుస్తున్నాడండీ. బామ్మేమో ఒక్కొక్క తప్పే చెప్పమని డాక్టరుగారు చెప్పారు కదరా అంటోంది" అని నవ్వింది. తండ్రి మాత్రం ఇంకా రాలేదు. వచ్చేవారం బెల్టు పరీక్షకు తనే తీసుకువెళతానన్నాడట. హాలులోకి ముందుగా వెళ్ళి, ఎటు తిరిగి నిలబెడతారో కనుక్కోకుండా వుండమని చెప్పి పంపాను.

ఈ విషయం మీద ఉత్తరాలు రాసేవారు పిల్లల వయస్సు, ఎత్తు, బరువు, నొప్పి ఏ కాలికో, ఏ కదలికకు వస్తోందో తప్పక రాయండి. బెల్టు రంగు రాయనక్కరలేదు.